తొట్టి వంపులో దాగిన తొందర

ఈ సంచికకి కవితలు సరిపోయినన్ని వచ్చాయనీ, చేత్తో చేసిన పని గురించి ఎవరైనా రాస్తే బాగుంటుందనీ మా ఎడిటర్ గ్రూపులో అడిగాడు. నేను చేత్తో చేసిన పనంటే ఒక్కటే ఉంది, మా ఇంటి హాల్లో ఉన్న చేపల తొట్టి. నిజానికి ఒకటి కాదు, రెండు చేశాను. మొదటిది పగిలింది. రెండోది నిలబడింది. ఆ రెండిటికీ మధ్య నేను నేర్చుకున్నదే ఈ వ్యాసం. ఇంట్లో అక్రిలిక్ షీటు వంచాలనుకునేవాళ్లకి పనికొస్తుంది, వంచే ఉద్దేశం లేకపోయినా చదవొచ్చు.

మొదటి తొట్టి

మాది నాయుడుపేట. పోయిన దసరా సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మా చెల్లెలు, "అన్నా, నువ్వు మెకానికల్ కదా, నాకొక చేపల తొట్టి చేసియ్యి" అంది. అయిదు గాజు పలకలు తెచ్చి సిలికాన్‌తో అంటిస్తే సాయంత్రానికి అయిపోయే పని. కానీ ఇంజనీరింగ్‌లో రెండో సంవత్సరం కదా, అందరూ చేసేది చేస్తే మన గొప్పేముంది? ముందు వైపు మూలల్లో అతుకే లేకుండా, ఒకే అక్రిలిక్ షీటుని ఎడమ పక్క, ముందు వైపు, కుడి పక్కగా వంచి చేద్దామనుకున్నాను. వెనక పలకా, అడుగు పలకా మాత్రం అంటిస్తే చాలు.

అక్రిలిక్ ఎంచుకోవడానికి మంచి కారణాలే ఉన్నాయి. గాజు సాంద్రత నీటికి రెండున్నర రెట్లు, అక్రిలిక్‌ది 1.19 రెట్లు, అంటే సగం బరువు కూడా ఉండదు. వెలుతురులో 92 శాతం దాకా తనగుండా పోనిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, గాజుని వంచాలంటే 600 డిగ్రీలు దాటాలి, అక్రిలిక్‌కి 150, 160 చాలు. తక్కువలు కూడా చెప్పాలి. తొందరగా గీతలు పడతాయి, ఖరీదు ఎక్కువ, గాజంత బిర్రుగా ఉండదు. ఒకే మందం పలకలు తీసుకుంటే అక్రిలిక్ గాజుకన్నా ఇరవై రెట్లకు పైగా సులువుగా వంగిపోతుంది.

తొట్టి కొలతలు: పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 30. నీళ్లు దాదాపు 50 లీటర్లు, అంటే 50 కిలోలు. ముందు పలక మీద నీళ్లు ఎంత నెడతాయో మొదటి సంవత్సరం ఫిజిక్స్‌తోనే లెక్కేయొచ్చు. 30 సెంటీమీటర్ల లోతులో పీడనం 2,940 పాస్కల్స్, పైన సున్నా, సగటున 1,470. పలక వైశాల్యం 0.18 చదరపు మీటర్లు. రెండూ గుణిస్తే 265 న్యూటన్లు, అంటే సుమారు 27 కిలోల బరువు. ఒక బియ్యం మూట రాత్రీ పగలూ ఆ పలకని ఆనుకుని నిలబడినట్టు. 6 మిల్లీమీటర్ల షీటు దీన్ని తట్టుకుంటుంది. నా లెక్కలో తప్పు లేదు. తప్పంతా చేతిలో జరిగింది.

షాపుల పేర్ల బోర్డులు చేసే ఒకాయన దగ్గర షీటు కొన్నాను, వేడిగాలి తుపాకీ కూడా అక్కడే ఒక పూటకి అడిగి తెచ్చుకున్నాను. వంచాల్సిన గీత మీద గాలి పోస్తూ పోయాను. ఒక చోట మెత్తబడింది, ఇంకో చోట బిర్రుగానే ఉంది. బిర్రుగా ఉన్నచోట ఇంకా దగ్గరగా పెట్టాను. సన్నటి బుడగలు లేచాయి. మొత్తానికి వంగింది. వంగిన రూపం జారిపోకుండా వెంటనే తడిగుడ్డ చుట్టాను. ఈ ఉపాయం నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తర్వాత చెప్తాను. ఆ సాయంత్రమే క్లోరోఫామ్‌తో వెనక పలక, అడుగు పలక అంటించేశాను. వేలిముద్రలు పోవడానికి శానిటైజర్ వేసి శుభ్రంగా తుడిచాను. చూడటానికి షాపులో కొన్నట్టే ఉంది. చెన్నై కొళత్తూరులో రంగుచేపల అంగళ్లు చాలా ఉన్నాయి కదా, అక్కణ్ణుంచి పద్నాలుగు గప్పీలు తెచ్చాం.

మూడో వారంలో వంపు దగ్గర వెంట్రుకల్లాంటి తెల్లటి గీతలు కనపడ్డాయని చెల్లెలు ఫోన్లో చెప్పింది. "పైపైన గీతలే అయ్యుంటాయిలే" అన్నాను. చూడకుండానే చెప్పిన మాట అది. ఆ శనివారం నేను ఇంటికెళ్లిన రాత్రే, రెండు గంటలప్పుడు హాల్లో చప్పుడైంది. లేచి లైటేస్తే ఎడమ వంపు అడ్డంగా చీలి ఉంది, హాలంతా నీళ్లు. అమ్మ బియ్యం మూట పక్కకి లాగుతా ఉంది. చెల్లెలు చెంబు పట్టుకుని నేల మీద వెతుకుతా ఉంది. పద్నాలుగిట్లో తొమ్మిదింటిని బకెట్లో వేయగలిగాం.

ఆ పిల్ల నన్ను ఒక్క మాట కూడా అనలేదు. పొద్దున్నే మాత్రం, "వంచినప్పుడు బాగానే ఉండింది కదన్నా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

బండి చక్రం

జవాబు మా తాతయ్య నోట్లోంచి వచ్చింది, ఆయనకి తెలియకుండానే.

మా తాతయ్య వడ్రంగి. వయసులో ఉన్నప్పుడు ఎద్దుల బండ్ల చక్రాలు చేసేవాడు. చక్రానికి ఇనుప పట్టా ఎట్టా ఎక్కిస్తారో చిన్నప్పుడు నాకు చాలాసార్లు చెప్పాడు. పట్టాని కావాలనే చక్రం చుట్టుకొలత కన్నా కాస్త తక్కువగా చేస్తారు. పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు. అప్పుడది సాగుతుంది. అయిదడుగుల చక్రానికి చుట్టుకొలత 4.8 మీటర్లు ఉంటుంది. 600 డిగ్రీలు వేడెక్కితే ఇనుము ఆ పొడవున మూడు సెంటీమీటర్లకి పైగా పెరుగుతుంది. వేడిమీదే పట్టకారులతో ఎత్తి చక్రానికి తొడిగి, గబగబా నీళ్లు పోస్తారు. చెక్క కాలిపోకుండా ఉంటుంది, పట్టా కుంచించుకుంటుంది. కానీ లోపల చెక్క ఉంది కాబట్టి కుంచించుకోవలసినంతా కుంచించుకోలేదు. ఆ తీరని బిగువుతో ఆకుల్నీ, చెక్కల్నీ నొక్కిపెట్టి ఏళ్ల తరబడి పట్టుకుంటుంది.

నా తడిగుడ్డ ఉపాయం వచ్చింది ఇక్కణ్ణుంచే. పగిలిన ముక్కని తాతయ్యకి చూపించి, "నువ్వు చెప్పినట్టే వేడిమీద నీళ్లు పెట్టాను తాతా" అన్నాను.

ఆయన ఆ వంపుని వేలితో తడిమి చూశాడు. "చక్రానికి బిగువు కావాలని నీళ్లు పోస్తాం అబ్బోడా. నీ తొట్టికి బిగువు దేనికి?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నకి తర్వాత పుస్తకాల్లో వారం రోజులు వెతుక్కున్నాను. విషయం ఇదీ. షీటుని గీత వెంట వేడి చేసినప్పుడు 30 సెంటీమీటర్ల పొడవున్న ఒక సన్నటి పట్టీ మాత్రమే వేడెక్కుతుంది, దాని రెండు పక్కలా చల్లటి షీటు. అక్రిలిక్ 105 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది. అక్కణ్ణుంచి మామూలు ఎండ వేడికి దిగేలోపు ఆ పట్టీ దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు పొట్టి కావాలి. పక్కనున్న చల్లటి షీటు కానివ్వదు. అంటే నా వంపు గీత అచ్చం తాతయ్య ఇనుప పట్టాయే, పక్కనున్న షీటే చక్రం చెక్క. పట్టా లాగే ఆ పట్టీ కూడా కుంచించుకోలేక, సాగదీసినట్టు బిగిసి ఉండిపోతుంది. ఆ బిగువు చదరపు మిల్లీమీటరుకి 15 న్యూటన్ల దాకా చేరగలదు. అక్రిలిక్ తెగిపోయేది 70 దగ్గర. నీళ్లు పోయకముందే బలంలో అయిదో వంతు అక్కడ ఖర్చయిపోయిందన్నమాట. తడిగుడ్డ ఒకవైపే వేయడంతో బయటి ముఖం ముందు గట్టిపడి, లోపలి ముఖం తర్వాత కుంచించుకుంటూ మరింత బిగిసింది. నీళ్లు మూలని విప్పడానికి తోసేటప్పుడు సాగేది కూడా ఆ లోపలి ముఖమే.

ఇనుము అయితే ఆ బిగువుని ఏళ్ల తరబడి మోస్తుంది. అక్రిలిక్ మోయలేదు, ముఖ్యంగా స్పిరిట్ లాంటివి తగిలితే. బిగిసి ఉన్న అక్రిలిక్‌కి ఆల్కహాల్, పెట్రోల్, క్లోరోఫామ్ తగిలాయంటే అవి గొలుసుల్లాంటి అణువుల మధ్యకి దూరి పట్టు సడలిస్తాయి, బిగువుకి అడ్డంగా సన్నటి గీతలు పుడతాయి. దీన్ని క్రేజింగ్ అంటారు. నా తొట్టిలో గీతలు వంపుకి అడ్డంగానే వచ్చాయి, బిగువు వంపు పొడవునా ఉంది కాబట్టి. నేను అంటించింది క్లోరోఫామ్‌తో, తుడిచింది శానిటైజర్‌తో. పగలగొట్టడానికి ఇంతకన్నా మంచి పద్ధతి ఉండదేమో.

చెల్లెలి ప్రశ్నకి జవాబు దొరికింది. వంచినప్పుడు బాగానే ఉంది, ఎందుకంటే బిగువు కంటికి కనపడదు. వంచేటప్పుడు పడిన తొందర ఎక్కడికీ పోదు, వంపులోనే ఉండి, ఒక రోజు చూసుకుని బయటికొస్తుంది.

కావాలంటే మీరే చూడండి. వంచిన చిన్న అక్రిలిక్ ముక్కని మళ్లీ 150 డిగ్రీలకి వేడి చేసి వదిలేయండి. ఎవరూ ముట్టుకోకుండానే మెల్లగా విప్పుకుని చదునైపోతుంది. దాని పాత ఆకారం దానికి గుర్తుంటుంది.

రెండోసారి

రెండో తొట్టి మే నెలలో మొదలుపెట్టాను, ఎండాకాలం కావాలనే. అక్రిలిక్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. మా ఊరు ఒకపక్క స్వర్ణముఖి, ఇంకోపక్క పులికాట్ వైపు నుంచి వచ్చే సముద్రపు గాలి. అక్టోబరు, నవంబరు వానల్లో షీటులోకి తేమ బాగా చేరుతుంది. 150 డిగ్రీల్లో ఆ తేమ ఆవిరై బుడగలవుతుంది. మొదటి తొట్టిలో బుడగలు అందుకే లేచాయి.

షీటు: ఈసారి చెన్నై నుంచి క్యాస్ట్ షీటు తెప్పించాను. అక్రిలిక్ షీట్లు రెండు రకాలు. యంత్రంలోంచి నొక్కి లాగినవి ఎక్స్‌ట్రూడెడ్, అచ్చులో పోసి గట్టిపరిచినవి క్యాస్ట్. లాగిన షీటు వేడెక్కితే లాగిన దిక్కున కుంచించుకుంటుంది, ద్రావకాలకి తొందరగా క్రేజ్ అవుతుంది. చేపల తొట్టికి క్యాస్టే మేలు. కొనేటప్పుడు అడిగి తీసుకోండి.

కొలత: 30, 60, 30 కలిపి 120 సెంటీమీటర్ల ముక్క కోస్తే పెద్దదైపోతుంది, మూల గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి. లోపలి వ్యాసార్థం 12 మిల్లీమీటర్లు అనుకుందాం. మందం మధ్యలో వ్యాసార్థం 15 అవుతుంది. పావు వృత్తం పొడవు 1.57 ఇంటూ 15, అంటే 23.6 మిల్లీమీటర్లు. ప్రతి మూల దగ్గరా చదును భాగంలో 18 మిల్లీమీటర్లు తగ్గించాలి. కాబట్టి పక్కలు 282 చొప్పున, ముందు వైపు 564, రెండు వంపులు కలిపి 47. మొత్తం 1,175 మిల్లీమీటర్లు. కోసిన అంచుల్ని గరుకు కాగితంతో నున్నగా చేయాలి. రంపపు గాట్లలోంచే చీలికలు మొదలవుతాయి.

ఆరబెట్టడం: ప్లైవుడ్‌తో 125 సెంటీమీటర్ల పెట్టె చేసి, లోపల నాలుగు 100 వాట్ల బల్బులు బిగించి, థర్మామీటరు వేలాడదీశాను. రక్షణ కాగితం రెండువైపులా తీసేసి, షీటుని రాత్రంతా 75, 80 డిగ్రీల మధ్య ఉంచాను. బల్బులు చెక్కకి గానీ షీటుకి గానీ తగలకూడదు. వంతులేసుకుని కాపలా ఉండాల్సిందే, మా ఇంట్లో నేనూ నాన్నా ఉన్నాం.

వేడి చేయడం: తుపాకీ వదిలేశాను. పాత కంప్యూటర్ పవర్ సప్లైలోని 12 వోల్టుల లైనుకి 60 సెంటీమీటర్ల నిక్రోమ్ తీగ కలిపాను. 0.8 మిల్లీమీటర్ల తీగ, నిరోధం 1.3 ఓమ్‌లు, కరెంటు 9 ఆంపియర్లు, 110 వాట్ల వేడి. తీగ వేడెక్కితే సాగి వేలాడుతుంది, అందుకే ఒక కొసకి స్ప్రింగు కట్టాలి. తీగకి పైన ఒక సెంటీమీటరు ఎత్తులో షీటు ఆనేట్టుగా రెండు అల్యూమినియం యాంగిళ్లు పెట్టాను, మధ్యలో ఖాళీ 24 మిల్లీమీటర్లు. ఆ ఖాళీ ఎంతో వంపు పొడవు అంత.

ఇక్కడ అందరం చేసే పొరపాటు ఒకటుంది, వేడి పెంచితే పని తొందరగా అవుతుందనుకోవడం. అక్రిలిక్ వేడిని చాలా నెమ్మదిగా లోపలికి పోనిస్తుంది. మందం రెండింతలైతే వేడి అవతలికి చేరడానికి నాలుగింతల సమయం పడుతుంది. 6 మిల్లీమీటర్ల షీటులో వేడి ఒకవైపు నుంచి రెండోవైపుకి చేరాలంటే అయిదు నిమిషాల పైమాటే. తీగ ఎంత ఎర్రగా ఉన్నా ఆ లెక్క మారదు, పైముఖం మాడి బుడగలెక్కుతుంది, లోపల మాత్రం బిర్రుగానే ఉంటుంది. కాబట్టి నిమిషానికోసారి షీటుని తిరగేస్తూ ఓపిక పట్టాలి. నాకు ఒక్కో వంపుకి ఎనిమిది నిమిషాలు పట్టింది. తయారైన గుర్తు ఏమంటే, షీటు కొస తన బరువుకే వాలాలి. బలం పెట్టి వంచాల్సి వస్తే ఇంకా కాలేదని అర్థం.

వంచడం: చివరిసారి తీగ వైపున్న ముఖం బయటికి వచ్చేట్టు వంచాలి, ఎక్కువ సాగేది బయటి ముఖమే. 90 డిగ్రీల ప్లైవుడ్ అచ్చుకి ఆనించి, ఒక డిగ్రీ ఎక్కువే వంచి పట్టుకుంటే, వదిలాక సరిగ్గా కూర్చుంటుంది. తడిగుడ్డ జోలికి పోలేదు. పొడి కంబళి కప్పి, ఫ్యాన్ ఆపేసి, పావుగంట అట్టే ఉంచాను. మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ లేకుండా, చెమటలు తుడుచుకుంటా.

బిగువు తీయడం: మొదటిసారి నాకు తెలియనే తెలియని పని ఇది. దీన్ని ఎనీలింగ్ అంటారు. మెత్తబడేంత వేడి కాకుండా, అణువులు సర్దుకునేంత వేడిలో చాలాసేపు ఉంచి, మెల్లగా చల్లార్చడం. వంచిన షీటుని అదే బల్బుల పెట్టెలో 80 డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఉంచాను. తర్వాత గంటకొక బల్బు చొప్పున ఆర్పేశాను. ఇది అయ్యాకే అంటించాలి. క్లోరోఫామ్ ఆవిరి ఒంటికి మంచిది కాదు, తలుపులు తెరిచి, ముఖానికి దూరంగా, సన్నటి సిరంజితో అతుకులోకి వదలాలి. రెండు పలకల మధ్యకి అదే పాకుతుంది. రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. పైన అంచు చుట్టూ అక్రిలిక్ పట్టీ ఒకటి అంటిస్తే ముందు పలక ఉబ్బడం తగ్గుతుంది.

కనపడని దాన్ని చూడటం

బిగువు కంటికి కనపడదన్నాను కదా, చూసే దారి ఒకటుంది. ల్యాప్‌టాప్ తెర నుంచి వచ్చేది ధ్రువిత కాంతి. తెర మీద తెల్లటి పేజీ తెరిచి, దాని ముందు అక్రిలిక్ ముక్క పట్టుకుని, పోలరైజ్డ్ కళ్లద్దాల్లోంచి చూడండి. అద్దాలు తిప్పుతూ పోతే ఒక చోట తెర నల్లబడుతుంది. అప్పుడు షీటులో బిగువు ఉన్నచోట మాత్రం వెలుగు కనపడుతుంది. అక్రిలిక్‌లో ఇది కొంచెం మందంగానే ఉంటుంది, గది చీకటి చేసుకోవాలి. నేను చెడిపోయిన క్యాలిక్యులేటర్ తెర మీది పొర ఊడదీసి వాడాను. మొదటి తొట్టి ముక్కలో వంపు పొడవునా తెల్లటి చారలు. ఎనీల్ చేసిన వంపులో దాదాపు చీకటే. చెల్లెలికి రెండూ చూపించాను. చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "అయితే ముందే తెలుసుకోవచ్చన్న మాట" అంది. అవును, తెలుసుకోవచ్చు.

పెద్దవాళ్ల పనుల్లోనూ అక్రిలిక్‌తో పరాచికాలు కుదరవు. బెర్లిన్‌లో ఒక హోటల్లో ఆక్వాడోమ్ అని గొట్టం ఆకారంలో బ్రహ్మాండమైన అక్రిలిక్ తొట్టి ఉండేది. 2022 డిసెంబరు 16న తెల్లవారుజామున అది బద్దలై పది లక్షల లీటర్ల నీళ్లు రోడ్డు మీదికొచ్చాయి. దాదాపు పదిహేను వందల చేపలుండేవి అందులో. ఆ వార్త చదివినప్పుడు నాకు మా హాలే కళ్లముందు కనపడింది.

అయితే ఇదే పదార్థం మనిషి కంట్లో కూడా నిలబడింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల మీది అక్రిలిక్ కప్పులు పగిలి, ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా, కన్ను వాటిని పెద్దగా తిరస్కరించలేదని హెరాల్డ్ రిడ్లీ అనే బ్రిటిష్ కంటి డాక్టరు గమనించాడు. 1949 నవంబరు 29న లండన్‌లో మొదటిసారి అక్రిలిక్ లెన్సుని కంట్లో అమర్చాడు. మా తాతయ్యకి శుక్లం ఆపరేషన్‌లో వేసిన లెన్సు కూడా ఇదే జాతిది. ఆ మాట చెబితే, "అయితే నా కన్ను నీ తొట్టి లాగా పగలదు కదరా?" అని నవ్వాడు. "అది తొందరపడి చేసింది కాదులే తాతా" అన్నాను.

తొట్టిని వారం రోజులు వరండాలో ఉత్త నీళ్లతో నింపి ఉంచాను. ముందు పలక మధ్యలో రెండు మిల్లీమీటర్లు ఉబ్బింది, లెక్కలో వచ్చినంతే. ఆ నీళ్లు పారబోసి, రెండుసార్లు కడిగి, అప్పుడు హాల్లోకి తెచ్చాం. తుడవడానికి ఉత్త నీళ్లు, మెత్తటి నూలు గుడ్డ, అంతే. ఇంట్లో శానిటైజర్ సీసా ఇప్పుడు చెల్లెలి ఆధీనంలో ఉంది.

అయిదు నెలలైంది. బకెట్లో బతికిన తొమ్మిది గప్పీలు కొత్త తొట్టిలో పిల్లలు పెట్టాయి, ఇప్పుడు లెక్క తెగడం లేదు. ఇంటికెళ్లిన ప్రతిసారీ రాత్రి లైట్లార్పి, తొట్టి వెనక ల్యాప్‌టాప్ పెట్టి, ఆ క్యాలిక్యులేటర్ పొర లోంచి రెండు వంపులూ చూస్తాను. నేను లేనప్పుడు చెల్లెలు కళ్లు దగ్గర పెట్టి చూసి ఫోన్ చేస్తుంది. పోయిన వారం, "కుడి మూల దగ్గర ఏదో గీతలా ఉందన్నా" అంది. "ఫొటో పెట్టు" అన్నాను, చూడకుండా ఏమీ చెప్పలేదు. ఫొటోలో అది గాజులు రాసుకున్న గీతే. అయినా ఆ శనివారం నాయుడుపేట బండెక్కాను.